ఒరగల్లు లేని మ్యూజియం

“ఈ కొలిమిలో పొగ ఎటు పోయేదండీ?” అని నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగినప్పుడు, మమ్మల్ని నేలమాళిగలోకి దింపి చూపిస్తున్న గైడు ఒక్క క్షణం తటపటాయించి, ఆ తరువాత చక్కగా నవ్వి, “అదే కదా ఇక్కడి రహస్యం” అన్నది. నా వెంట ఉన్న పది మందీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, విజయవాడకు తిరిగివచ్చి ఇన్ని నెలలైనా ఆ జవాబు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అది ప్రాగ్ నగరం పాతబస్తీలో, మామూలు లోహాలను బంగారం చేయాలని చూసిన రసవాదం గురించీ మార్మిక విద్యల గురించీ పెట్టిన ఒక చిన్న మ్యూజియం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి రైలులో రెండున్నర గంటల ప్రయాణమే కదా అని ఒక శనివారం తీసుకువెళ్ళింది. మొదటి గదిలో గోడకు ఆనించిన పుస్తకాల బీరువా ఉంటుంది. అందులో ఒక చిన్న బొమ్మను పట్టి తిప్పితే బీరువా పక్కకు జరిగి, దాని వెనక రాతిమెట్లు బయటపడతాయి. తల వంచుకుని దిగితే వరుసగా చిన్న చిన్న గదులు, కప్పు నుంచి వేలాడుతున్న ఎండు మూలికల కట్టలు, వంపు ముక్కు గాజు పాత్రలు, ఒక పుర్రె, కొవ్వొత్తిలా వణికేటట్టు చేసిన కరెంటు దీపాలు. బయటికి వచ్చే దారిలో కౌంటరు మీద చిన్న సీసాలు పేర్చి ఉంటాయి: ప్రేమకు ఒకటి, జ్ఞాపకశక్తికి ఒకటి, నిత్యయౌవనానికి ఒకటి. ఇదంతా నలభై నిమిషాల వ్యవహారం.

నేను ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి. అందులో ఎక్కువ కాలం గుంటూరు, తెనాలి, విజయవాడ శాఖల్లో బంగారు రుణాల విభాగంలోనే గడిచింది. నా పక్కన కూర్చున్న అప్రయిజరు ఒరగల్లు మీద నగను గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి, గీత నిలిచిందా కరిగిందా అని చూసి వన్నె చెబితే, దాన్ని బట్టి సంతకం పెట్టడం నా పని. బంగారం కాని దాన్ని బంగారమని నమ్మించాలని చూసిన వాళ్ళను ఎంతో మందిని చూశాను కాబట్టి, ఆ విద్యకు ఏకంగా ఒక మ్యూజియమే ఉందని విన్నప్పుడు నాకు కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు. తీరా చూస్తే అక్కడ అన్నీ ఉన్నాయి, ఒక్క ఒరగల్లు తప్ప. నా ఫిర్యాదు కూడా అంతే: రసవాదాన్ని చెడగొట్టింది దురాశ కాదు, మూఢత్వమూ కాదు, గోప్యత, దాన్ని చూపించడానికి పెట్టిన చోట కూడా మళ్ళీ ఆ గోప్యతనే అలంకరించి టికెట్టు పెట్టి అమ్ముతున్నారు.

ప్రాగ్‌కు ఈ పేరు ఊరికే రాలేదు. రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి 1583లో తన కొలువును వియన్నా నుంచి ఈ ఊరికి మార్చి, చిత్రకారులతో పాటు జ్యోతిష్కులనూ రసవాదులనూ చేరదీశాడు. టైకో బ్రాహీ 1599లో, కెప్లర్ 1600లో వచ్చింది ఈ కొలువుకే. అంతకు ముందే, 1584లో, ఇంగ్లండు నుంచి జాన్ డీ అనే పండితుడూ, ఆయన వెంట ఎడ్వర్డ్ కెల్లీ అనే గడుసువాడూ వచ్చారు. డీ తిరిగి వెళ్ళిపోయాడు. బంగారం చేసి చూపిస్తానన్న కెల్లీ మాత్రం ఉండిపోయి, 1590 నాటికి చక్రవర్తి చేత ప్రభువు హోదా పొంది, మరుసటి ఏడాదే ఖైదులో పడ్డాడు. మ్యూజియంలో కెల్లీ గురించి చాలా చెప్పారు. చెప్పనిది ఇంకొకటి ఉంది. చక్రవర్తి వైద్యుడూ ఖగోళ శాస్త్రజ్ఞుడూ అయిన టాడియాష్ హాయెక్ అనే ఆయన, కొలువులో చేరడానికి వచ్చే రసవాదులను ముందుగా పరీక్షించి, పనికివస్తారో లేదో తేల్చేవాడని చెబుతారు. అంటే ఆయన సాక్షాత్తూ అప్రయిజరు! నా వృత్తి పూర్వీకుడికి ఒక చిన్న బొమ్మైనా పెట్టలేదే అని కాస్త నొచ్చుకున్నాను.

కోట లోపల ‘బంగారు సందు’ అనే వీధి ఉంది. రసవాదులు అక్కడే కాపురం ఉండి బంగారం కాచేవారని ప్రచారం. నిజానికి మొదట ఆ చిన్న ఇళ్ళలో ఉన్నది కోట కాపలాదార్లు, ఆ తరువాత చేరింది కంసాలులు. బంగారం చేస్తామన్న వాళ్ళ పేరు నిలిచి, బంగారంతో పని చేసిన వాళ్ళ పేరు మరుగున పడింది. ఇలాంటిది మన దగ్గరా జరిగింది. దాని సంగతి తరువాత చెబుతాను.

మరుసటి వారం మా అమ్మాయి డ్రెస్డెన్‌కు దగ్గరలోని మైసెన్‌కు తీసుకువెళ్ళింది. ఎల్బే నది ఒడ్డున గుట్ట మీద ఆల్బ్రెక్ట్స్‌బుర్గ్ అనే కోట ఉంది. అక్కడి కథ కూడా రసవాదిదే. యోహాన్ ఫ్రీడ్రిష్ బోట్గర్ అనే కుర్రవాడు బెర్లిన్‌లో ఒక మందుల కొట్టులో పని నేర్చుకుంటూ, తనకు బంగారం చేయడం తెలుసని డాంబికాలు పోయాడు. ప్రష్యా రాజు పట్టుకోబోతే 1701లో శాక్సనీకి పారిపోయాడు. శాక్సనీ పాలకుడు అగస్టస్ అతణ్ణి రక్షించినట్టే రక్షించి, బంగారం చేసేదాకా కదలనివ్వనని నిర్బంధించాడు. బంగారం రాలేదు. కానీ చిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడి పర్యవేక్షణలో రకరకాల మట్లను కలిపి కాల్చి చూస్తూ, ఆ ఖైదీ 1708 ప్రాంతంలో యూరప్‌లో అంతవరకు ఎవరికీ చేతకాని పని చేశాడు. చైనా, జపాన్ లాంటి తూర్పు దేశాల వాళ్ళకు మాత్రమే తెలిసిన తెల్లని, గట్టి, వెలుతురు లోపలికి దిగే పింగాణీని తయారుచేశాడు. 1710లో మైసెన్‌లో కార్ఖానా మొదలైంది. దాన్ని అక్కడ ‘తెల్ల బంగారం’ అంటారు.

నాకు నచ్చింది ఆ కథ కన్నా, దాన్ని చూపించే పద్ధతి. ఏ మట్టి, ఏ పాళ్ళు, ఎంత వేడి, ఎందుకు 1,300 డిగ్రీలు దాటితే తప్ప ఆ మట్టి గాజులా కట్టుకోదు, తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఎలా కుంగిపోతుంది, ఇవన్నీ అక్కడ తెలుసుకోవచ్చు. మైసెన్ వాళ్ళు కూడా తమ కాలంలో గోప్యతను తక్కువేమీ పాటించలేదు. కార్ఖానాను గుట్ట మీది కోటలో పెట్టిందే పనివాళ్ళు బయటికి పోకుండా, బయటివాళ్ళు లోపలికి రాకుండా ఉండడానికి. అయినా పదేళ్ళు తిరగకముందే పనివాళ్ళలో కొందరు ఆ విద్యతో వియన్నా చేరిపోయారు. బోట్గర్ 1719లో, ముప్పై ఏడేళ్ళ వయసులో పోయాడు. రహస్యం బయటపడినందువల్ల పింగాణీ విలువ పడిపోలేదు. కోట గోడ దాటింది కనుకనే అది ఇవాళ మన ఇంటి టీ కప్పు దాకా వచ్చింది.

ఇంతకూ ఒక మ్యూజియం కాస్త వినోదం కోసం పుర్రెలూ కొవ్వొత్తులూ పెట్టుకుంటే నాకెందుకు ఇంత పట్టింపు అని మీకు అనిపించవచ్చు. అందుకు కారణం ఒక ముసలావిడ గాజులు.

చాలా ఏళ్ళ క్రితం తెనాలి వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ తాకట్టుకు రెండు గాజులు తెచ్చింది. అంతకు ముందు రెండుసార్లు అవే గాజులు మా దగ్గర పెట్టి విడిపించుకుంది కాబట్టి, పాత రసీదులో 40 గ్రాములని ఉంది. ఆ రోజు తూస్తే 34 గ్రాములు తూగాయి. ముందు తక్కెడను అనుమానించాం, తరువాత ఒకరినొకరు అనుమానించుకున్నాం. చివరికి ఆవిడ చెప్పింది: “ఈ మధ్యన మా వీధిలోకి మెరుగు పెట్టేవాళ్ళు వచ్చారు బాబూ, పసుపు నీళ్ళలాంటి దాంట్లో ముంచి తీస్తే తళతళ్ళాడాయి, డబ్బు కూడా పది రూపాయలే తీసుకున్నారు.” అప్రయిజరు తల పట్టుకున్నాడు. ఆ పసుపు నీళ్ళలో ఉన్నది ఆక్వా రీజియా. మూడు పాళ్ళు హైడ్రోక్లోరికామ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిపితే వచ్చే ద్రవం. ఆ రెంటిలో ఏ ఒక్కటీ విడిగా బంగారాన్ని కరిగించలేదు, కలిస్తే మాత్రం తింటుంది. ఆవిడ గాజుల్లోంచి పోయిన ఆరు గ్రాములూ ఎక్కడికీ పోలేదు, వాళ్ళ గిన్నెలోనే ఉన్నాయి. ఆ నీటిని ఇంటికి పట్టుకుపోయి మళ్ళీ బంగారంగా దించుకోవడం వాళ్ళకు తెలుసు.

ఆ ద్రవాన్ని కనిపెట్టింది ఎవరు? మధ్యయుగాల రసవాదులే. బంగారాన్ని కరిగించగల నీరు దొరికిందని పొంగిపోయి, దాన్ని సంకేత భాషలో రాసుకుని, ఆకుపచ్చ సింహం బంగారానికి గుర్తైన సూర్యుణ్ణి మింగుతున్నట్టు బొమ్మలు గీసుకున్నారు. అలాంటి సింహం బొమ్మ ఒకటి ప్రాగ్ మ్యూజియం గోడ మీద చూశాను. చాలా అందంగా ఉంది. దాని కింద రెండు వాక్యాలు రాసి ఉంటే, ఆ గదిలోంచి బయటికి వచ్చిన ప్రతి మనిషీ తన తల్లి గాజులను వీధిలో ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకోగలిగేవాడు. రాయలేదు. సింహం సింహంగానే మిగిలింది.

1722లో పారిస్‌లోని విజ్ఞాన అకాడమీ ముందు జొఫ్రువా అనే రసాయన శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఈ పని చేశాడు. బంగారం చేస్తామనే వాళ్ళ మోసాలను ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. మూసకు, అంటే లోహం కరిగించే గిన్నెకు, రెండు అడుగుభాగాలు ఉంటాయి, పైది కరిగిపోగానే కింద దాచిన బంగారం బయటపడుతుంది. కలియబెట్టే పుల్ల బోలుగా ఉంటుంది, అందులో బంగారం పొడి పోసి మైనంతో మూసి ఉంటారు. సగం ఇనుము, సగం బంగారంగా అతికిన మేకుకు రంగు పూసి, అందరి ముందూ ద్రవంలో ముంచి రంగు కడిగేస్తారు. అది చదివినప్పుడు నా ఉద్యోగమే గుర్తుకు వచ్చింది. మూడు వందల ఏళ్ళ తరువాత మన ఊళ్ళలో ‘రైస్ పుల్లింగ్’ చెంబు అని, బియ్యాన్ని ఆకర్షించే ఇరిడియం పాత్ర అని, కోట్లకు బేరం పెట్టే ముఠాలు పట్టుబడ్డాయని పేపర్లో చదువుతూనే ఉంటాం. అందులో మోసపోయేవాళ్ళు చదువురాని వాళ్ళు కారు. ‘ఎలా’ అని అడగడం అమర్యాద అనుకునేవాళ్ళు. గురువుగారినీ అడగరు, స్వామిగారినీ అడగరు, గైడునూ అడగరు.

ఇక మన సంగతికి వస్తాను. రసవిద్యకు మన భాషలో ఉన్నంత పదసంపద ఉన్న భాషలు ఎక్కువ ఉండవు. పాదరసం, గంధకం, ఇంగిలీకం, హరిదళం, మణిశిల, అన్నభేది, మైలుతుత్తం, వెలిగారం, నవాసారం, సురేకారం. ఇవన్నీ మా చిన్నప్పుడు పచారీ కొట్టులోనో మూలికల కొట్టులోనో పొట్లం కట్టి ఇచ్చిన సరుకులు. పాదరసానికి స్వేదనం, మర్దనం, మూర్ఛనం, పాతనం అంటూ పద్ధెనిమిది సంస్కారాలు చెప్పారు. దోలాయంత్రం, వాలుకాయంత్రం, ఊర్ధ్వపాతన యంత్రం అని పాత్రల అమరికకు పేర్లు పెట్టారు. ఇవి చదువుతుంటే మంత్రశాస్త్రం చదువుతున్నట్టు కాదు, ఒక పనివాడి సామాను పెట్టె తెరిచినట్టు ఉంటుంది.

అందులో ఒక్కటి విప్పి చెబుతాను. రసరత్నసముచ్చయం అనే సంస్కృత రసగ్రంథంలో ‘రసకం’ అనే ఖనిజం నుంచి సత్త్వం తీయడానికి వంకాయ ఆకారపు మూషను, అంటే మూసను, వాడమని ఉంది. వంకాయే ఎందుకు? రసకంలో ఉన్న లోహం జింకు. ఖనిజం నుంచి జింకు విడివడే వేడిమి, జింకు మరిగే వేడిమి కంటే ఎక్కువ. అందువల్ల అది ద్రవంగా దిగదు, పుడుతూనే ఆవిరై పైకి లేస్తుంది. గాలి తగిలిందా తెల్లని బూడిదైపోతుంది. కనుక మూషను తలకిందులుగా నిలిపి, తొడిమ లాంటి గొట్టాన్ని కిందికి దించి, ఆవిరి గాలి తగలకుండా కిందనే చల్లబడేటట్టు చేయాలి. రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర తవ్వితే సరిగ్గా ఇలాంటి వంకాయ మూషలే, ఒక్కొక్క కొలిమిలో ముప్పై ఆరు చొప్పున అమర్చినవి, బయటపడ్డాయి. ఇంగ్లండులో బ్రిస్టల్‌కు చెందిన విలియం చాంపియన్ జింకు తీసే పద్ధతికి పేటెంటు పొందింది 1738లో. జావర్ కొలిములు అంతకు కొన్ని శతాబ్దాల ముందువి. ఈ రసకాన్నే రాగితో కలిపి కాలిస్తే రాగి పసుపు వన్నెకు తిరుగుతుంది. ‘రసకం రాగిని కాంచనం చేస్తుంది, ఇందులో వింతేముంది’ అని నాగార్జునుడి పేరు మీద ఉన్న రసగ్రంథం అంటుంది. ఆ కాంచనం మన ఇత్తడే. మా అప్రయిజరు ఒరగల్లు మీద గీసి ఆమ్లం వేయగానే పొంగి మాయమయ్యేది కూడా ఇదే.

ఇంత చేతిపని తెలిసిన ఆ రసరత్నసముచ్చయమే మరొక చోట, రసవిద్యను తల్లి మర్మాన్ని కాపాడినట్టు గట్టిగా దాచాలనీ, దాస్తేనే దానికి వీర్యం ఉంటుందనీ, బయటపెడితే నిర్వీర్యమవుతుందనీ హెచ్చరిస్తుంది. ఆ శ్లోకం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వంకాయ మూష గురించి చెప్పిన నోరేనా ఇది? మూష గురించి బయటపెట్టినందువల్ల అది నిర్వీర్యం కాలేదే; జావర్‌లో లోహం దిగనే దిగింది. నిర్వీర్యమైపోయినవి ఏవంటే, దాచినవి. చెప్పిన గురువూ విన్న శిష్యుడూ పోయాక అర్థం చెప్పేవాళ్ళు లేక, పేరు మాత్రం మిగిలిన మూలికలు, దేనికి ఏది సంకేతమో తెలియని పద్యాలు ఎన్నో ఉన్నాయి.

గుంటూరు విజయవాడల మధ్య రోజూ తిరిగే వాళ్ళందరం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ముందు నుంచే పోతాం. ఆ పేరున్న మహానుభావుడు మాధ్యమిక దర్శనం చెప్పిన బౌద్ధ తత్త్వవేత్త. రసగ్రంథాలకు కర్తగా చెప్పుకునే నాగార్జునుడు ఆయన తరువాత ఎన్నో శతాబ్దాలకు వచ్చిన మరొకడు. జనం మాత్రం ఇద్దరినీ కలిపేశారు. ఈ కలపడం ఇవాళ మొదలైంది కాదు. ఏడవ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ అప్పటికే ఒక కథ విని రాసుకున్నాడు: శాతవాహన రాజు కొండలో విహారం తొలిపిస్తుండగా ఖజానా ఖాళీ అయితే, నాగార్జునుడు ఒక మందు నీటిని రాళ్ళ మీద చిలకరించి వాటిని బంగారం చేసి పని ఆగకుండా చూశాడట.

ఇప్పుడు నాగార్జునకొండలో దొరికిందేమిటో చూడండి. సాగర్ నీళ్ళు ముంచకముందు, 1954 నుంచి 1960 వరకు ఆ లోయను తవ్వారు. స్తూపాలు, విహారాలు, శాసనాల గురించి అందరికీ తెలుసు. అదే తవ్వకాల్లో ఒక కంసాలి కొట్టు కూడా బయటపడింది: మట్టి మూస, ఒరగల్లు, నగల అచ్చులు. రోమన్ బంగారు నాణేలు కూడా ఆ లోయలో దొరికాయి. అంటే ఆ లోయను ఏలిన ఇక్ష్వాకుల కాలంలో ఆ కొండ కింద బంగారం రాళ్ళలోంచి రాలేదు. సముద్రం మీద వర్తకులు తెచ్చారు, ఒక కంసాలి దాన్ని ఒరగల్లు మీద గీసి, మూసలో కరిగించి, అచ్చులో పోశాడు. పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి ఒరగల్లు! నాగార్జునుడు రాళ్ళను బంగారం చేసిన కథ మన పిల్లలకు తెలుసు. ఆ కంసాలి కొట్టు సంగతి, నేను అడిగిన పది మందిలో ఒక్కరికీ తెలియదు. బంగారు సందులో జరిగింది ఇక్కడా జరిగిందని అన్నది ఇందుకే.

కొండవీటి కథ ఇంకా చేదుగా ఉంటుంది. శ్రీశైలం అడవుల్లో ఒక వైశ్యుడికి పరుసవేది దొరికిందనీ, అతడు ఆశ్రయం పొందిన ఇంటి రెడ్డి దాన్ని కాజేయడానికి ఇంటికి నిప్పు పెట్టించాడనీ, ఆ మంటల్లో దూకి వైశ్యుడు చనిపోయాడనీ, ఆ పాపం కట్టి కుడపకుండా రెడ్డి తన సంతానానికి అతడి పేరు ‘వేమ’ అని పెట్టుకున్నాడనీ, అందుకే కొండవీటి రెడ్డి రాజుల్లో అన్ని వేమారెడ్ల పేర్లనీ చెబుతారు. ఇది చరిత్ర కాదు. కానీ దాచిన విద్య మనుషుల మధ్య ఏం తెచ్చిపెడుతుందో ఆ కథ కట్టిన వాళ్ళకు బాగా తెలుసు. ఆ కథలో పరుసవేది ఎలా పనిచేస్తుందని ఎవరూ ఎవరినీ అడగరు. ఉన్నవాడు దాస్తాడు, లేనివాడు కాల్చేస్తాడు.

ఇదంతా రైలులో తిరిగి వస్తూ మా అమ్మాయితో అన్నాను. అది ఊరుకునే రకం కాదు. “నాన్నా, పొగగొట్టాల లెక్కలు చెప్పే మ్యూజియం పెడితే నువ్వు తప్ప ఎవరు వస్తారు? నువ్వైనా ఆ బీరువా తిరిగినప్పుడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచావు, నేను ఫోటో తీశాను కూడా” అన్నది. ఫోటో చూపించింది. కాదనడానికి లేదు. ఇంకొక మాట కూడా అన్నది, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది: “ఆ రసవాదులకు అది కెమిస్ట్రీ కాదు కదా, నువ్వు నీ బ్యాంకు కళ్ళతో చూసి మార్మికతంతా పొట్టు, చేతిపని గింజ అని చెరిగేస్తే ఎలా?”

నిజమే. రసవాదికి పాదరసం శివుడి తేజస్సు, గంధకం పార్వతి అంశ. ‘లోహంలో ఎలాగో దేహంలో అలాగే’ అంటుంది రసార్ణవం. ముందు లోహం మీద పరీక్షించి, అక్కడ సిద్ధిస్తే దేహం మీద ప్రయోగించాలని. బంగారం అతడికి గమ్యం కాదు, పరీక్షాఫలితం మాత్రమే. పద్నాలుగవ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం అనే తత్త్వ గ్రంథం, పాదరసాన్ని నమ్ముకున్న రసేశ్వర దర్శనాన్ని ఒక మోక్షమార్గంగానే లెక్కించింది. న్యూటన్ రసవాదం మీద రాసుకున్న కాగితాలు దాదాపు పది లక్షల మాటలు. ఆయన పోయాక వాటిని ‘అచ్చుకు తగవు’ అని పక్కన పెట్టేస్తే, 1936లో వేలానికి వచ్చినప్పుడు ఆర్థికవేత్త కేన్స్ అందులో చాలా భాగం కొని కాపాడాడు. అదే న్యూటన్ 1696 నుంచి లండన్ టంకశాల అధికారి. నాణేల వన్నె తూకం చూస్తూ దొంగనాణేల వాళ్ళను ఉరికంబం ఎక్కించాడు. ఒకే మనిషి పగలు ఒరగల్లు, రాత్రి పరుసవేది. కాబట్టి మార్మికతను తీసేసి చేతిపనిని మాత్రమే మిగల్చమని నేను అనకూడదు, ఆ మేరకు మా అమ్మాయి వాదన ఒప్పుకుంటున్నాను.

గోప్యత విషయంలో మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే అది ఆ కాలంలోనే తగాదాపడిన విషయం. బంగారంతో కలిస్తే వేడెక్కే ఒక రకం పాదరసం గురించి 1676లో రాబర్ట్ బాయిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పత్రికలో ప్రకటిస్తే, ఇలాంటివి మౌనంగా ఉంచడమే మేలని న్యూటన్ రాయల్ సొసైటీ కార్యదర్శికి ఉత్తరం రాశాడు. ఆ బాయిల్ కూడా పూర్తిగా బాహాటమైన మనిషి కాదు. మూత్రం నుంచి భాస్వరం తీసే పద్ధతిని 1680లో సీలు వేసిన కాగితంలో దాచి ఇచ్చాడు, దాన్ని ఆయన పోయాకే విప్పారు. భయానికి కారణాలూ ఉన్నాయి, ఇంగ్లండులో 1404 నుంచి 1689 వరకు బంగారం ‘పెంచడం’, అంటే రసవాదంతో తయారుచేయడం, చట్టరీత్యా నేరం. అయినా ఏది మిగిలిందో చూస్తే, బయటపడిన ముక్కలే మిగిలాయి. భాస్వరం బయటపడి అగ్గిపెట్టె దాకా వచ్చింది. న్యూటన్ దాచిన పది లక్షల మాటల్లోంచి ఇంతవరకు ఒక్క అగ్గిపుల్లా రాలేదు.

ఇంటికి వచ్చాక వన్‌టౌన్‌లో పాత పరిచయస్థుడైన ఆచారిగారి దగ్గరికి వెళ్ళి ప్రాగ్ నేలమాళిగ ఫోటోలు చూపించాను. ఎనభై దాటిన మనిషి; పనికి కళ్ళు సహకరించక కొట్టు కొడుకులకు అప్పగించి, అరుగు మీద కూర్చుంటారు. ఆయన పుర్రెను చూడలేదు, మూలికలను చూడలేదు, తిన్నగా కొలిమి మీద వేలు పెట్టారు. “నేలమాళిగలో కొలిమా మేనేజరు గారూ? బొగ్గు రాజేస్తే రెండో రోజుకి మనిషి లేవడు. పాదరసం కూడా కాచారంటున్నారు, ఇంక మొదటి రోజే” అన్నారు. ఒకప్పుడు రాగి మీద బంగారు పూత వేయాలంటే బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలాంటి ముద్ద చేసి, దాన్ని రాగికి పూసి, కుంపటి మీద కాచి పాదరసాన్ని ఎగరగొట్టేవాళ్ళట. ఆ పని చేసిన తమ మేనమామ చేతులు చివరి రోజుల్లో వణుకుతూనే ఉండేవని, చిగుళ్ళు పాడయ్యాయని చెప్పారు. కరెంటు పూత వచ్చాక అది పోయింది. మన బందరు దగ్గరి చిలకలపూడి బంగారం గురించి, అది గిల్టే అయినా గిల్టు అని చెప్పి అమ్మడంలో ఉన్న మర్యాద గురించి చాలాసేపు మాట్లాడారు. ఇంకా, కంసాలి వీధుల్లో తెల్లవారుజామున కొట్ల ముందు దుమ్ము ఊడ్చుకుపోయి, కడిగి, పాదరసంతో బంగారపు రజను పట్టుకునే వాళ్ళ గురించి కూడా చెప్పారు. వాళ్ళ చేతులు ఎలా ఉంటాయో ఎవరు అడిగారు?

నాకు తోచిన మ్యూజియం అలాంటిది. పెద్దదేమీ అక్కరలేదు, గుంటూరులోనో బెజవాడలోనో ఒక పాత ఇంట్లో రెండు గదులు చాలు. మన ఊళ్ళ మ్యూజియంలలో విగ్రహాలు, నాణేలు, శాసనాలు, కత్తులు కావలసినన్ని ఉన్నాయి. నాణెం ఏ మూసలోంచి వచ్చిందో చూపించే గది నాకు తారసపడలేదు. వంకాయ మూషను నిలువుగా కోసి ఆవిరి దారి చూపించాలి. ఆకుపచ్చ సింహం బొమ్మ తప్పకుండా ఉండాలి, దాని పక్కనే ఆమ్లంలో ముంచిన గాజు ముందూ తరువాతా తూకంతో సహా ఉండాలి. రెండు అడుగుభాగాల మూసను పిల్లలే విప్పి చూడాలి. శివుడి తేజస్సు గురించిన శ్లోకం గోడ మీద ఉండాలి, వణికిన చేతుల గురించి కూడా ఉండాలి. బీరువా వెనక మెట్లు కావాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. సరే, పెడదాం, కానీ బీరువా కదిలే గిలక బయటికి కనిపించాలి. 2015 నుంచి 2018 వరకు జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సీసపు కేంద్రకాలు ఒకదాని పక్క నుంచి ఒకటి దూసుకుపోతున్నప్పుడు మూడేసి ప్రోటాన్లు రాలి బంగారపు కేంద్రకాలు పుట్టాయని లెక్క కట్టారు. అన్నీ కలిపి 29 పికోగ్రాములు (ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోటో వంతు), అవీ పుట్టిన క్షణంలోనే చెదిరిపోయాయి. ఆ లెక్క కూడా ఒక మూల రాసి పెట్టవచ్చు. తాకట్టుకు పనికిరాదనుకోండి.

నేను వచ్చేటప్పుడు ఆచారిగారు తమ పాత మూస ఒకటి చేతిలో పెట్టారు. గుప్పెట్లో పట్టేంత మట్టి గిన్నె, లోపలి అంచున ఇంకా సన్నని మెరుపు ఉంది. అది గీకి కరిగిస్తే ఎంత వస్తుందో కూడా చెప్పారు. ఇప్పుడది మా హాల్లో అలమర మీద ఉంది. దాని పక్కన, ప్రాగ్‌లో నేను వద్దంటున్నా మా అమ్మాయి కొన్న జ్ఞాపకశక్తి సీసా ఉంది. ఇంకా మూత తీయలేదు. లేబులు మీద మద్యం శాతం రాసి ఉంది, మూలికల పేర్లు లేవు.